తెలిసిన పాటని సోల్‌లో, జాజ్‌లో మళ్ళీ పాడాలంటే

పాత సినిమా పాటలు తీసుకుని సోల్, జాజ్ (రెండూ అమెరికాలో నల్లజాతి వాళ్ల దగ్గర పుట్టిన సంగీతాలు) బాణీలో ఒక ఆల్బమ్ చేయాలని ఉందంటూ నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. నేను హైదరాబాద్ పద్మారావునగర్‌లో పాట నేర్పుతాను. చిన్నప్పుడు సికింద్రాబాద్‌లో చర్చి కాయిర్‌లో ఆల్టో, అంటే ఆడగొంతుల్లో కింది వరస, పాడేదాన్ని, సాయంత్రాలు చిక్కడపల్లిలో ఒక టీచర్‌గారి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకునేదాన్ని. ఆ రెండు పాఠాలూ కలిసిన గొంతుతోనే తెలుగు పాటల ఆల్బమ్ చేశాను. అది చేసేటప్పుడు తెలిసిన పని ఇక్కడ చెబుతున్నాను.

వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముందే ఒక ట్రాక్ పట్టుకొస్తారు. కీబోర్డు మీద సెవెన్త్ కార్డులు (ఏడో స్వరం కూడా కలిపి ఒకేసారి వాయించే స్వరాల గుత్తులు), వెనకాల శాక్సోఫోన్, డ్రమ్స్ మీద బ్రష్‌లు. పాట మాత్రం ఒరిజినల్‌లో ఎలా ఉందో అలాగే ఉంటుంది. అదే వేగం, అవే సంగతులు, అదే చోట ఊపిరి. చెవికి ఇంపుగానే ఉంటుంది గానీ రెండోసారి వినబుద్ధి కాదు. ఆ పాటని ఇప్పుడు మళ్ళీ ఎందుకు పాడాలో పాడినవాళ్లు తేల్చుకోలేదు కాబట్టి. నా పద్ధతంతా ఆ తేల్చుకోవడం మీదే నడుస్తుంది. పాటలో ఇదివరకు పాడినవాళ్లు దాటుకుంటూ వెళ్లిపోయిన మాట ఒకటి ఉంటుంది, మీకు మాత్రం అక్కడ కాలు ఆగుతుంది. ఆ మాట పట్టుకోండి. వేగం, శ్రుతి, కార్డులు, ఎవరు వాయించాలి, ఎవరు ఊరుకోవాలి, ఇవన్నీ దాని వెంట వస్తాయి.

ముందు వినండి

పాడటానికి ముందు ఓ నెల రోజులు వినడానికి పెట్టుకోండి. నేను అందరికీ నాలుగు ఆల్బమ్‌లు చెబుతాను. ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్క సంగతి గమనించాలి.

రే చార్లెస్ 1962లో అమెరికా పల్లె జనం పాడుకునే కంట్రీ పాటలు తీసుకుని ‘మోడర్న్ సౌండ్స్ ఇన్ కంట్రీ అండ్ వెస్టర్న్ మ్యూజిక్’ అని ఆల్బమ్ చేశాడు. మాటలు అలాగే ఉంచి, కింద ఒక పక్క బిగ్ బ్యాండ్ అనే పెద్ద జాజ్ మేళం, ఇంకో పక్క వయొలిన్ల దండు, వెనక కోరస్ పెట్టాడు. గమనించాల్సింది: అంత పెద్ద వాద్యగోష్ఠిలో కూడా ఆయన గొంతు ఎక్కడా పరుగెత్తదు. కోరస్ వాళ్లు లైను శుభ్రంగా, చదునుగా పాడతారు, ఆయన దాని వెనక నింపాదిగా నడిచొస్తాడు.

ఐజాక్ హేస్ 1969లో చేసిన ‘హాట్ బటర్డ్ సోల్’లో ఉన్నవి నాలుగే పాటలు. గ్లెన్ క్యాంబెల్ మూడు నిమిషాల్లోపు పాడేసిన పాటని ఇతను పద్దెనిమిది నిమిషాలకి పైగా తీసుకెళ్లాడు. మొదటి సగం దాదాపు అంతా మాటలే. ఆర్గన్ మీద ఒక్క స్వరం పట్టుకుని, బేస్, డ్రమ్స్ మెల్లగా కొడుతుంటే, ఆ పాటలోని మనిషి ఇల్లు వదిలి ఎందుకు వెళ్తున్నాడో చెబుతూ పోతాడు. మన హరికథలో దాసుగారు కీర్తన ఎత్తుకునే ముందు కథ చెప్పినట్టే. పాట మొదలయ్యేసరికి ఆ మనిషి మనకి తెలిసినవాడైపోతాడు.

నీనా సిమోన్ 1971 ఆల్బమ్ ‘హియర్ కమ్స్ ద సన్’ని మరీ ముఖ్యంగా వినమంటాను. జాజ్‌లో పాడటమంటే నెమ్మదిగా పాడటమేనని మనవాళ్లకి ఒక నమ్మకం. సినాట్రా గంభీరంగా, నిదానంగా పాడిన ‘మై వే’ని ఆవిడ ఇందులో బోంగోల దరువు మీద వేగంగా పాడింది. అదే సాహిత్యం. సినాట్రా గొంతులో అది వెనక్కి తిరిగి చూసుకుంటున్న పెద్దమనిషి మాట. ఆవిడ గొంతులో ఇంకా దారిలోనే ఉన్న మనిషి మాట.

నాలుగోది కసాండ్రా విల్సన్ 1995లో చేసిన ‘న్యూ మూన్ డాటర్’. పియానో మీద నడిచే జాజ్ కాదిది. గిటార్లు, బేస్, చేతి దరువులు. హ్యాంక్ విలియమ్స్, నీల్ యంగ్ అనే గాయకుల పాటలు, యూటూ, మంకీస్ అనే బ్యాండ్ల పాటలు, వాటి మధ్యలో తన సొంత పాటలు. 1966లో మంకీస్ హుషారుగా పాడిన రైలు పాట ఒకటుంది అందులో. అది యుద్ధానికి వెళ్లే సిపాయి పాట అని రాసినవాళ్లే తర్వాత చెప్పారు. విల్సన్ దాన్ని లోగొంతులో, తొందరేమీ లేకుండా పాడితే, మళ్ళీ వస్తానో రానో అన్న బెంగ అప్పుడు వినపడుతుంది. ఆ బెంగ మొదటి నుంచీ సాహిత్యంలోనే ఉంది.

పాటల ఎంపిక

జనానికి బాగా తెలిసిన పాటే తీసుకోండి. కొత్తగా పాడారన్న సంగతి తెలియాలంటే వినేవాళ్ల చెవిలో పాతది ఉండాలి కదా. కానీ కొన్ని పాటలకి పేరు తెచ్చింది ముందొచ్చే వీణ బిట్టో, మధ్యలో వచ్చే వయొలిన్లో. అది తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. శ్రుతి పెట్టె కూడా లేకుండా, వంటింట్లో పని చేసుకుంటూ పల్లవి, ఒక చరణం పాడండి. బీజీఎం వచ్చే చోట నోటితో "టంట టంటంట" అని నింపకుండా ఉండలేకపోతే ఆ పాట పక్కన పెట్టండి. ఉత్త మాటలతో, ఉత్త స్వరంతో నిలబడేదే పనికొస్తుంది.

రెండో పరీక్ష చరణాలు. పల్లవి ఎంత గొప్పగా ఉన్నా, చరణంలో కథ కదలకపోతే అయిదు నిమిషాల సోల్ పాటగా అది నిలవదు. పాత సినిమాల్లో రెండు చరణాలు ఒకదాన్ని మించి ఒకటి వెళ్లే పాటలు బోలెడున్నాయి. వాటిలో వెతకండి.

మగవాళ్లు పాడిన పాట ఆడవాళ్లు పాడొచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. ఓటిస్ రెడింగ్ 1965లో పాడిన ‘రెస్పెక్ట్’ని 1967లో అరీతా ఫ్రాంక్లిన్ పాడాక అది ఆవిడ పాటే అయిపోయింది. మనకైతే ఇది ఇంకా తేలిక. తెలుగులో నేను వచ్చాను, నేను చూశాను అన్నప్పుడు చెప్పేది మగో ఆడో క్రియలో తెలియదు. పిలుపు మాటల్లో మాత్రమే బయటపడుతుంది, చెలీ, ప్రియా, సఖీ అని. అవి మార్చకండి. ఆడగొంతు "చెలీ" అంటే అది స్నేహితురాలితో మాట్లాడినట్టు వినపడుతుంది. ఒక్కోసారి అందుకే పాట మరింత దగ్గరవుతుంది.

శ్రుతి, వేగం

పాట ఎంచుకున్నాక వారం రోజులు ఒరిజినల్ వినొద్దు. సాహిత్యాన్ని చేత్తో రాసుకుని, కాగితం చూసి మామూలుగా చదవండి. ఎవరికో చెబుతున్నట్టు. మీరు సహజంగా ఎక్కడ ఆగుతున్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి. పాడినప్పుడు ఊపిరి తీసుకునే చోట్లకీ ఈ గీతలకీ పొంతన ఉండదు. ఆ తేడాలోనే మీ పాట ఉంది.

కర్ణాటకంలో ఐదు, ఐదున్నర శ్రుతిలో పాడే అలవాటున్న అమ్మాయిలు సోల్ పాటని కూడా అక్కడే ఎత్తుకుంటారు. రెండు శ్రుతులు దించి చూడండి. సోల్‌లో గొంతు మాట్లాడే స్థాయి నుంచి మొదలై పైకి ఎక్కాలి. పల్లవిలోనే తారస్థాయికి చేరితే, చివరి చరణానికి వెళ్లడానికి చోటు మిగలదు. మీ మాట్లాడే గొంతు ఏ నోటు దగ్గర ఉందో కీబోర్డు మీద వెతికి, పల్లవి మొదటి నోటు దాని దగ్గరికి వచ్చేలా స్కేల్ పెట్టుకోండి.

వేగం విషయంలో మన భాష ఒక హద్దు పెడుతుంది. పాత కవులు సమాసాలు రాశారు. వేగం మరీ తగ్గిస్తే సమాసం మధ్యలో ఊపిరి తీసుకోవాల్సి వస్తుంది, అక్కడ అర్థం విరిగిపోతుంది. సమాసం మొత్తం ఒక్క ఊపిరిలో పట్టినంత వరకే నెమ్మది. అది దాటితే పాట నీరసంగా ఉంటుంది. సగానికి తగ్గించడం, లేదా నీనా సిమోన్ చేసినట్టు పెంచడం, రెండూ చేసి రికార్డు చేసుకుని మరుసటి రోజు వినండి.

దీర్ఘం ఎక్కడ, హ్రస్వం ఎక్కడ

ఇంగ్లిష్ సోల్ గాయకులు ఏ అక్షరాన్నయినా సాగదీస్తారు, వాళ్లకి చెల్లుతుంది. తెలుగులో చెల్లదు. హ్రస్వాన్ని సాగదీస్తే మాట చెడిపోతుంది.

అందరికీ తెలిసిన ‘లాహిరి లాహిరి లాహిరిలో’ తీసుకుందాం. 1957 నాటి మాయాబజార్ పాట. పింగళిగారు ఆ మాట ఎలా కూర్చారో చూడండి. ‘లా’ దీర్ఘం, ‘హి’, ‘రి’ రెండూ హ్రస్వాలు, చివర ‘లో’ మళ్ళీ దీర్ఘం. అంటే గొంతు నిలబెట్టడానికి ఆయన రెండు చోట్లు ఇచ్చాడు, మొదలూ చివరా. మధ్యలో రెండక్షరాలు తేలిగ్గా జారిపోవాలి. మా క్లాసులో ఒక అబ్బాయి బ్లూస్ పాడుతున్నట్టు ‘హి’ మీద ఆగి గొంతు ఊపాడు. ‘లాహీరి’ అని వినపడింది, పాట ఎవరిదో అయిపోయింది. అదే ఊపు ‘లో’ మీద పెట్టమన్నాను. ‘లో’ని నాలుగు మాత్రలు పట్టి, చివర కాస్త కిందికి జారి, బీటు దాటాక వదిలాడు. అప్పుడది అచ్చంగా సోల్, అచ్చంగా తెలుగు.

కాబట్టి సాహిత్యం కాగితం మీద దీర్ఘాలన్నిటి కిందా గీత గీయండి. మీ సంగతులు, వంపులు, జారుళ్లు అన్నీ ఆ గీతల మీదే. పదం చివర సున్నా ఉన్నచోట, అంటే గగనం, పయనం లాంటి మాటల్లో, పెదాలు మూసి ‘మ్’ని పట్టి ఉంచొచ్చు. హమ్మింగ్‌గా మారిపోతుంది. ఒత్తులు మాత్రం మింగొద్దు. మైకు దగ్గరగా, మెత్తగా పాడేటప్పుడు ఒత్తులే ముందు ఎగిరిపోతాయి.

కింద నేల మార్చడం

ఇదే నాకు ఎక్కువ ఇష్టమైన భాగం, ఎక్కువ సమయం పట్టేదీ ఇదే. పాట స్వరం మార్చకుండా దాని కింద కార్డు మార్చితే స్వరం అర్థం మారుతుంది.

మోహన రాగంలో ఉన్న పాటని జి స్కేల్లో, అంటే జిని షడ్జమంగా పెట్టుకుని, పాడుతున్నామనుకోండి. స్వరాలు జి, ఎ, బి, డి, ఇ. ఇప్పుడు గాంధారం, అంటే బి మీద ఒక మాట నిలబెట్టండి. కింద జి మేజర్ కార్డు పెడితే, జి నుంచి లెక్కేస్తే ఆ బి మూడో స్వరం, హాయిగా ఇంట్లో ఉన్నట్టు. ఇ మైనర్ పెడితే అయిదో స్వరం, కాస్త దిగులు. సి మేజర్ పెడితే అదే బి ఏడో స్వరమవుతుంది, వెళ్లాలా ఉండాలా అన్నట్టు వేలాడుతుంది. ఎ మైనర్ పెడితే తొమ్మిదో స్వరం, దూరంగా ఎక్కడో వినపడుతుంది. గొంతు కదల్లేదు, రాగం కదల్లేదు. మీ కీబోర్డు అబ్బాయిని కూర్చోబెట్టుకుని ఈ నాలుగూ వరసగా వాయించమని, మీరు ఆ ఒక్క నోటు మీదే మీ మాట పాడండి. ఏ కార్డు మీద ఒళ్లు జలదరిస్తే ఆ కార్డు మీ మాట కోసం దాచుకోండి. మొదటి పల్లవిలో దాన్ని ఖర్చు చేయొద్దు. మొదటిసారి జనానికి తెలిసినట్టే పాడి, రెండోసారి పల్లవికి వచ్చినప్పుడు కింద నేల మార్చండి. అప్పుడు అదే మాట వేరే మాటలా వినపడుతుంది.

సి కార్డు పెట్టగానే మోహనంలో లేని మధ్యమం బేస్‌లోకి వచ్చేస్తుంది, రాగం పాడవుతుందని కర్ణాటకం నేర్చుకున్నవాళ్లు అడ్డుకుంటారు. వాళ్ల చెవి చెప్పేది నిజమే. నేను పెట్టుకున్న కట్టుబాటు ఇది: గొంతు రాగం దాటదు, కింద కార్డు దాటొచ్చు.

హిందోళ రాగం దగ్గర మాత్రం కార్డు కూడా జాగ్రత్తగా ఉండాలి. హిందోళంలో పంచమం లేదు. డి స్కేల్లో డి, ఎఫ్, జి, బి ఫ్లాట్, సి. కీబోర్డు వాయించేవాళ్లు అలవాటుగా డి మైనర్ మూడు వేళ్లతో నొక్కుతారు, అందులో ఎ ఉంటుంది, అదే పంచమం. హిందోళం అక్కడికక్కడే పోతుంది. అందుకని డి, ఎఫ్, సి మాత్రం వాయించమంటాను. జాజ్ పియానిస్టులు అయిదో స్వరాన్ని ఎలాగూ తరచూ వదిలేసి మొదటిది, మూడోది, ఏడోది వాయిస్తారు కాబట్టి వాళ్ల చేతికి ఇది కొత్త కాదు. జి మైనర్ సెవెన్ అయితే ఇంకా బాగు, జి, బి ఫ్లాట్, డి, ఎఫ్ నాలుగూ రాగంలోవే. త్యాగరాజస్వామి ‘సామజవరగమన’ మీద ఇలా సాధన చేయండి. హక్కుల చిక్కు లేని కృతి, హిందోళం చెవికి బాగా పడుతుంది.

ఖరహరప్రియ రాగం స్వరాలూ జాజ్‌లో డోరియన్ అనే వరసా ఒకటే. మైల్స్ డేవిస్ 1959లో రికార్డు చేసిన ‘సో వాట్’ ఆ వరస మీదే నడుస్తుంది. కానీ మీ పాట ఖరహరప్రియలో ఉంటే అందులో గాంధారం ఊగుతుంది, ఆ ఊపు లేకపోతే రాగమే లేదు. కీబోర్డు మీద ఆ ఊపు రాదు. అందుకని నా గట్టి నియమం: కీబోర్డు పాట స్వరాన్ని ఎప్పుడూ గొంతు వెంట వాయించకూడదు. గొంతు ఊగుతుంటే కీబోర్డు తిన్నగా నిలబడి అదే నోటు కొడితే రెండూ ఒరుసుకుంటాయి. మా కీబోర్డు తమ్ముడు మొదట్లో "అక్కా, నేను మెలొడీ పట్టకపోతే మీరు శ్రుతి తప్పుతారేమో" అనేవాడు. తప్పకుండా ఉండటానికే కదా తంబురా ముందు కూర్చుని ఏళ్ల తరబడి సాధన చేసింది.

తాళం, బ్యాక్‌బీట్

ఆదితాళంలో మన చెయ్యి ఒకటి, అయిదు, ఏడు మీద పడుతుంది. సోల్‌లో స్నేర్ డ్రమ్ నాలుగు బీట్లలో రెండు, నాలుగు మీద కొడుతుంది, దాన్నే బ్యాక్‌బీట్ అంటారు. ఒళ్లు అలవాటు పడటానికి మెట్రోనోమ్‌ని (తాళానికి టిక్కులు కొట్టే పరికరం) నిమిషానికి 50 దగ్గర పెట్టి, ఆ టిక్కులు ఒకటీ మూడూ కాదు, రెండూ నాలుగూ అనుకుని పాడండి. పాట అప్పుడు నిమిషానికి 100 మీద నడుస్తుంది. మొదట్లో తిక్కగా ఉంటుంది. ట్యాంక్‌బండ్ మీద నడుస్తూ చేయమంటాను నేను, ఎడమ కాలు మీద టిక్కు పడాలి.

స్వింగ్ అనే జాజ్ నడకని మనవాళ్లకి చెప్పడం తేలికే. ఒక బీటుని తకిట అని మూడుగా విడగొట్టి, మధ్యది వదిలేయండి: త-ట, త-ట. వేగం పెరిగేకొద్దీ ఆ హెచ్చుతగ్గులు తగ్గి రెండూ సమానం వైపు వస్తాయి. డ్రమ్మరు స్వింగ్ వాయిస్తున్నాడని మీరూ ప్రతి అక్షరాన్నీ అలా గెంతించొద్దు. డ్రమ్స్ గెంతుతుంటే గొంతు దానిమీద తిన్నగా, కాస్త ఆలస్యంగా వెళ్లాలి. జాజ్ గాయని బిల్లీ హాలిడే పాడే తీరులో వినండి, బీటు వచ్చి వెళ్లిపోయాక మాట వస్తుంది, అయినా ఎప్పుడూ తాళం తప్పదు.

చివరి పల్లవిలో స్వేచ్ఛగా పాడే భాగానికి మన దగ్గర తయారుగా ఉన్న పాఠం నెరవల్. ఒక్క లైను తీసుకుని, మాటలు మార్చకుండా, తాళంలో వాటి చోటు చెదరకుండా రకరకాలుగా పాడటం. సోల్ గాయకులు చివర్లో ఒకే లైను పట్టుకుని పాడేది కూడా ఈ కుటుంబానిదే. "ఓ యే, ఓ బేబీ" లాంటివి అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. మీరు ఆగిన మాట ఉన్న లైనునే తీసుకుని నెరవల్ చేయండి. వెనక వంత పాడటానికి ఇద్దరు చాలు, బుర్రకథలో కథకుడికి ఇద్దరు వంతలు ఉన్నట్టు. సికింద్రాబాద్ చర్చి కాయిర్లలో ఆల్టో, టెనర్ పాడే పిల్లలు ఉన్నారు, చూడగానే నాలుగు గొంతుల హార్మనీ పట్టేస్తారు. వాళ్లని అడగండి.

రికార్డింగ్

ఊళ్లో చిన్న స్టూడియోలకి కొదవ లేదు. కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ వైపు చాలావాటిని డబ్బింగ్ కోసం, ఒక్క గొంతు కోసం కట్టారు. మీకు కావల్సింది బేస్, డ్రమ్స్, కీబోర్డు, మీరు ఒకరినొకరు చూసుకుంటూ వాయించగలిగే గది. ముందు ట్రాక్ కట్టి తర్వాత గొంతు వేసే పద్ధతి సినిమాకి సరిపోతుంది. ఈ పాటలకి సరిపోదు. మీరు ఒక మాట మీద ఆగితే డ్రమ్మరు కూడా బ్రష్ ఎత్తి ఆగాలి, అది ట్రాక్ మీద జరగదు. నెమ్మది పాటలకి క్లిక్, అంటే చెవిలో మెట్రోనోమ్, వద్దు.

మైకుకి జానెడు దూరంలో నిలబడి పాడండి. గట్టిగా ఎత్తుకునే చోట అడుగు వెనక్కి వేయండి. ఆ వెనకడుగు కూడా సాధన చేసి ఉంచుకోవాలి. స్టూడియో బుక్ చేసేటప్పుడు క్యాలెండర్ చూడండి: ఆషాఢంలో లష్కర్ బోనాల రోజుల్లో సికింద్రాబాద్‌లో, వినాయక నవరాత్రుల్లో ఊరంతటా తీన్‌మార్ దరువు గోడలు దాటి వస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాలు పక్క స్టూడియో అసలు వద్దు.

అనుమతి

ఈ భాగం విసుగని చాలామంది దాటేస్తారు. దయచేసి దాటేయకండి.

పాటలో రెండు రకాల హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ ఒకటి. పాత రికార్డింగు ఇంకొకటి. మీరు కొత్తగా పాడి వాయిస్తున్నారు కాబట్టి రికార్డింగు హక్కుతో పని లేదు, సాహిత్యం, బాణీ హక్కుతో ఉంది. మన చట్టంలో అది రచయిత జీవితకాలం, ఆయన పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. పింగళి నాగేంద్రరావుగారు 1971లో పోయారు, అంటే ఆయన సాహిత్యానికి 2031 చివరి దాకా హక్కు ఉంది. ఘంటసాలగారు 1974లో పోయారు, ఆయన బాణీలకి 2034 చివరి దాకా. సినిమా పాత నలుపు తెలుపుది కదా, ఎవరైనా పాడుకోవచ్చు అనుకోవడం తప్పు. అన్నమయ్య, క్షేత్రయ్య, త్యాగయ్యల సాహిత్యానికి ఈ చిక్కు లేదు. అయితే వాళ్ల సాహిత్యానికి ఈ కాలంలో ఎవరైనా కొత్త బాణీ కట్టి ఉంటే ఆ బాణీకి హక్కు ఉంటుంది.

అమెరికాలో కవర్ ఆల్బమ్‌లు అన్ని రావడానికి ఒక కారణం అక్కడి చట్టం. 1909 నుంచీ, ఒకసారి విడుదలైన పాటని నిర్ణీత రాయల్టీ కట్టి ఎవరైనా మళ్ళీ రికార్డు చేయొచ్చు. తమ శైలికి తగ్గట్టు అమర్చుకోవచ్చు కూడా, మూల స్వరాన్ని, పాట స్వభావాన్ని మార్చనంత వరకు. మన దగ్గర 2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ వచ్చింది. పాట మొదట రికార్డయిన ఏడాది ముగిసి అయిదేళ్లు దాటితే, ముందుగా నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టి కవర్ చేయొచ్చంటుంది. కానీ షరతులు చూడండి. ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి, ఉత్తర్వుతో ఆ సంఖ్య తగ్గిస్తే తప్ప. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప సాహిత్యంలో, సంగీతంలో మార్పు చేయకూడదు. అట్ట మీద పాత గాయకుల పేరు, సినిమా పేరు వేయకూడదు, ఇది కవర్ వెర్షన్ అని రాయాలి. మనం చేసేదే మార్పు కాబట్టి ఆ దారి మనకి కుదరదు. హక్కుదారు దగ్గర నేరుగా రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పాత సినిమా పాటలకి ఎక్కువగా అది మ్యూజిక్ కంపెనీ. ఆ కంపెనీ పబ్లిషింగ్ విభాగానికి మీ అమరికతో పాడిన డెమో జతచేసి, ఎన్ని పాటలు, ఎక్కడ విడుదల, వీడియో ఉందా లేదా స్పష్టంగా రాయండి. వీడియోకి అనుమతి వేరే అడగాలి. జవాబుకి నెలలు పట్టొచ్చు, అందుకే స్టూడియో బుక్ చేసే ముందే రాయాలి.

యూట్యూబ్‌లో పెట్టేస్తే హక్కుదారు క్లెయిమ్ పడుతుంది, డబ్బు వాళ్లకి వెళ్తుంది, గొడవ ఉండదు అని కొందరంటారు. క్లెయిమ్ పడటం అనుమతి ఇవ్వడం కాదు, రేపు తీసేయమంటే తీసేయాలి. లామకాన్‌లోనో ఇంకెక్కడైనానో కచేరీ చేస్తుంటే, సాహిత్యం, బాణీలకి ప్రదర్శన అనుమతి ఇచ్చే సంస్థ ఐపీఆర్‌ఎస్. నిర్వాహకులు ఆ లైసెన్స్ తీసుకున్నారో లేదో ముందే అడగండి.

చట్టం అడిగినా అడగకపోయినా ఒక పని చేయమంటాను. రచయితో సంగీత దర్శకుడో ఉంటే వాళ్లకి, లేకపోతే వాళ్ల పిల్లలకి, విడుదలకి ముందే పాట వినిపించండి. తమ రచనని వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు రచయితకి ఎలాగూ ఉంది. అంతకంటే, ఆ మాటలు పుట్టిన ఇంటివాళ్లు మీరు ఆగిన చోట ఆగి వింటారో లేదో చూడటం మీకే అవసరం.

పాటల వరస

ఎనిమిది పాటలు చాలు, నలభై నిమిషాలు. అందరికీ బాగా తెలిసిన పాటని మొదట పెట్టొద్దు, మూడోది చేయండి. మొదటి రెండు పాటల్లో మీ గొంతు, మీ వేగం వినేవాళ్లకి అలవాటవుతాయి, అప్పుడు ఆ పాట వస్తే పాతదాంతో పోల్చడం తగ్గించి వింటారు. పక్కపక్క పాటలు ఒకే స్కేల్లో ఉండకూడదు. ఒక్క పాటైనా బేస్, గొంతు రెండే ఉండాలి. సొంత పాట ఒకటి ఉంటే కలపండి, విల్సన్ చేసినట్టు.

ఆన్‌లైన్‌లో విడుదల చేసే సంస్థకి ఫారం నింపేటప్పుడు రచయిత, స్వరకర్త గడులు ఖాళీగా వదలకండి, వాటిలో మీ పేరు వేసుకోకండి. మీది అమరిక, అది వేరే గడి. ప్రతి పాటకీ సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, మీ బ్యాండులో ఎవరు ఏం వాయించారు, వంత ఎవరు పాడారు, ఇంటిపేర్లతో సహా రాసిపెట్టుకుని, అనుమతి పత్రంలో ఉన్న స్పెల్లింగుతో సరిచూసి, విడుదల తేదీకి కనీసం నెల ముందు పంపండి.